మాయ మేలా, మీరా మేలా?

మా తమ్ముడికి డల్లాస్‌లో కూతురు పుట్టి రెండు వారాలైంది. 21వ రోజున బారసాల. వాడికంటే ముందు మా పిన్ని కొడుకూ, ఇంకో ఇద్దరు స్నేహితులూ నన్ను ఇదే అడిగారు: "రెండక్షరాల పేరు చెప్పక్కా. ఇక్కడా అక్కడా నోరు తిరగాలి, ఎక్కడా చెడ్డ అర్థం రాకూడదు." వెతగ్గా వెతగ్గా ప్రతిసారీ మిగిలేవి మాయ, మీరా.

మాయకు బయట మంచి పేరే ఉంది. ఇజ్రాయెల్‌లో ఆడపిల్లలకు బాగా పెడతారు. హీబ్రూలో నీళ్లు ‘మయిం’ కాబట్టి దాంతో కలిపి చెప్పుకుంటారు. మెక్సికో, గ్వాటెమాలా వైపు మాయ అంటే ఒక జాతి. మనకేమో బుద్ధుడి తల్లి మాయాదేవి. ఇన్ని ఉన్నా నాకు మనసొప్పదు. వేదాంతంలోని మాయతో నాకు పేచీ లేదు. కానీ కాన్పయ్యాక పడేదాన్ని కూడా తెలుగులో మాయ అనే అంటాం. మా నాయనమ్మ గేదె ఈనిన రాత్రి లాంతరు పెట్టుకుని పాకలోనే కూర్చునేది. దూడ లేచి నిలబడి పాలు తాగుతున్నా సరే, మాయ పడేదాకా మంచం ఎక్కేది కాదు. తెల్లారి ఊళ్లో ఎవరొచ్చినా ముందు అడిగేది, "మాయ పడిందా?" అనే. రేపు పిల్ల ఆడుకుంటూ జారిపడితే మా అమ్మ నోట సరిగ్గా అదే మాట వస్తుంది. మాయరోగం, మాయదారి అన్న తిట్లు సరేసరి.

మీరా సంగతి వేరు. డల్లాస్‌లో స్పానిష్ మాట్లాడేవాళ్లు చాలామంది. వాళ్లకు ‘మీరా’ అంటే ‘చూడు’. దాని మూలం లాటిన్‌లో ఉంది, అక్కడ ‘మీరా’ అంటే అద్భుతమైనది. సుమారు 332 రోజులకోసారి బాగా వెలిగి మళ్లీ మసకబారే ఒక నక్షత్రానికి 1662లో హెవీలియస్ అనే ఖగోళ శాస్త్రవేత్త పెట్టిన పేరు అదే. రష్యన్‌లో ‘మీర్’ అంటే శాంతి, లోకం కూడా. మాస్కోలో ‘ప్రాస్పెక్ట్ మీరా’ శాంతి పేరు పెట్టుకున్న పెద్ద రోడ్డు. మన గుంటూరు, ప్రకాశం వైపైతే మీరా సాహెబ్, మీరావలి మగవాళ్లే.

తెలుగులో చిక్కు లేదని కాదు. "మీరా వచ్చింది?" అంటే పిల్ల వచ్చిందా అనీ, వచ్చింది తమరేనా అనీ రెండు రకాలుగానూ వినిపిస్తుంది. అయినా అది పెద్దవాళ్లను మన్నించే మాట. పొరపాటున తప్పుగా విన్నా పిల్లకు గౌరవమే దక్కుతుంది.

నేను తేల్చుకునేది ఇక్కడే. స్పానిష్ అర్థం, రష్యన్ అర్థం ఎవరైనా అడిగినప్పుడు ఒకసారి చెప్పుకుంటాం. ఇంట్లోవాళ్లు పిలిచే, కసిరే, బతిమాలే మాటల్లో పేరు రోజుకు పదిసార్లు నలుగుతుంది. నా ఓటు మీరాకే.

నీల కూడా బాగుంటుంది, తమిళంలో ‘నిలా’ అంటే చందమామ. మగపిల్లాడికైతే కై అంటున్నారు: హవాయిలో సముద్రం, న్యూజిలాండ్ మావోరీల్లో తిండి, తమిళంలో చెయ్యి. కైదండ, కైమోడ్పుల్లో మనకూ ఆ చెయ్యే.

తమ్ముడికి ఒక్కటే చెప్పాను. మీరాని ఇంగ్లీషులో ఒక్క ‘ఐ’ పెట్టి రాస్తే స్పానిష్‌వాళ్లు సరిగ్గానే పలుకుతారు గానీ, బళ్లో టీచరు ‘మైరా’ అనే ప్రమాదం ఉంది. రెండు ‘ఈ’లు పెట్టి రాయించు, బర్త్ సర్టిఫికెట్‌కి అప్లై చేసేముందే.