సీ కింగ్ మోడల్ కిట్: 1/72 మేలా, 1/48 మేలా?

విశాఖలోని ఐఎన్ఎస్ డేగా స్థావరంలో ఉన్న యూహెచ్-3హెచ్ సీ కింగ్ హెలికాప్టర్లకు 2024 జూన్ 28న నౌకాదళం వీడ్కోలు పలికింది. 2007లో మన చేతికొచ్చిన ఐఎన్ఎస్ జలాశ్వ అనే యుద్ధనౌకతో పాటు అమెరికా నుంచి వచ్చినవి అవి, మొత్తం ఆరు. సముద్రం మీద గాలింపుకీ, మనుషుల్ని కాపాడడానికీ తిరిగాయి. ఇప్పుడు ఆకాశంలో కనిపించవు గనక, కిట్‌లోని ముక్కలు అతికించి దాని చిన్న నమూనా ఒకటి చేసుకుని ఇంట్లో పెట్టుకోవాలని నాకు గట్టిగా ఉంది. తేలాల్సింది స్కేలు సంగతే, అంటే అసలుదానిలో ఎన్నో వంతు సైజులో చేయాలన్నది (1/72 అంటే డెబ్బై రెండో వంతు). 1/72లో ఫుజిమి, ఎయిర్‌ఫిక్స్ కంపెనీల కిట్లున్నాయి, 1/48లో హసెగావా కంపెనీది ఉంది.

అసలు హెలికాప్టర్ పైన తిరిగే రెక్కల్ని ఈ చివర నుంచి ఆ చివరికి కొలిస్తే 18.9 మీటర్లు. 1/72లో అది 26 సెంటీమీటర్లు, 1/48లో 39. ఒకటిన్నర రెట్లే కదా అనిపిస్తుంది. కానీ పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ అలాగే పెరుగుతాయి కాబట్టి బీరువాలో పట్టే చోటు మూడు రెట్లు దాటుతుంది. రంగు వేయాల్సిన ఒళ్లు రెండుంపావు రెట్లవుతుంది. చిన్నదానికి మామూలు బ్రష్ చాలు, పెద్దదానికి ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) లేకపోతే చారలు పడతాయి. మొదటిసారి చేసేవాళ్లు హెలికాప్టర్ తలుపు మూసి ఉన్నట్టుగా 1/72 కట్టుకోవడమే మంచిది. ఖర్చూ తక్కువే.

అయినా నా ఓటు 1/48కే. సీ కింగ్‌లో కాపాడే పనంతా కుడివైపు వెనక తలుపు దగ్గరే జరుగుతుంది. తలుపు పక్కకి జరుగుతుంది, దాని పైనే హాయిస్ట్ (మనుషుల్ని తీగతో పైకి లాగే యంత్రం), అక్కణ్ణుంచి తీగ కిందికి దిగుతుంది. ఆ తలుపు తెరిచి చూపించకపోతే ఈ హెలికాప్టర్ ఎందుకు చేసినట్టు? ఐదడుగుల ఏడంగుళాల మనిషి 1/72లో 2.4 సెంటీమీటర్లే, 1/48లో 3.5. ఆ ఎత్తులో హెల్మెట్, లైఫ్ జాకెట్ పట్టీలు, చాచిన చెయ్యి విడివిడిగా రంగు వేయొచ్చు. అయిదు మిల్లీమీటర్ల తీగ 1/48లో పదో వంతు మిల్లీమీటరు, అంటే తలవెంట్రుక మందం. దానికి దారం వాడితే మోకులా కనిపిస్తుంది, సన్నటి రాగి తీగ నయం.

ఏ స్కేలైనా రెండు జాగ్రత్తలు. కిటికీలు సూపర్ గ్లూతో అంటిస్తే తెల్లటి పొగ పడుతుంది, ఫెవికాల్ వాడండి. నిలిపి ఉంచిన సీ కింగ్ రెక్కలు ఐదూ కాస్త కిందికి వంగి ఉంటాయి. కిట్‌లో వంపు లేకుండా తిన్నగా ఉంటే వేడినీళ్లలో ముంచి, వేళ్లతో మెల్లగా వంచి, చన్నీళ్లలో పెట్టాలి. ఇక వాటిని అతికించకుండా ఊడొచ్చేలా వదిలేస్తే 1/48 కూడా మామూలు పుస్తకాల అరలో పడుతుంది.