నక్షత్ర కాలం: వేళ్ల లెక్కా, సూత్రమా?

నక్షత్ర కాలం అంటే సూర్యుణ్ని కాకుండా నక్షత్రాలను బట్టి లెక్కించే టైము; ఏ నక్షత్రం నడినెత్తి దగ్గరకు వచ్చిందో దీంతో తెలుస్తుంది.

వేళ్ల లెక్క: సెప్టెంబరు 22 అర్ధరాత్రికి నక్షత్ర కాలం సున్నా. అక్కడి నుంచి నెలకు 2 గంటలు, రోజుకు సుమారు 4 నిమిషాలు కలుపుతూ పోవాలి. హైదరాబాద్‌లో గడియారం నుంచి ముందుగా 16 నిమిషాలు తీసేయాలి, చాలామంది మరిచిపోయేది ఇదే. మన టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాద్ ఉన్నది 78.5 దగ్గర. 2025 జనవరి 22 రాత్రి 9 గంటలకు: 16 నిమిషాలు పోగా 20:44, దానికి నాలుగు నెలల 8 గంటలు కలిపితే 28:44, అందులో 24 తీసేస్తే 4:44.

జూలియన్ తేదీ (తేదీని రోజుల వరుస సంఖ్యగా రాసే పద్ధతి) సూత్రం: అదే క్షణానికి 4:53. కాలిక్యులేటర్ లేనిదే కుదరదు. 5:30 తీసేసి గ్రీనిచ్ టైముకు మార్చకపోతే శ్రమంతా వృథా.

తేడా 9 నిమిషాలు, ఆకాశంలో 2 డిగ్రీల పైనే. రోహిణి నడినెత్తికొచ్చిందా అని చూడటానికి వేళ్లు చాలు. సెట్టింగ్ సర్కిల్స్‌తో (టెలిస్కోప్‌ను గురిపెట్టే డిగ్రీల చక్రాలు) మసక గెలాక్సీని పట్టాలంటే మాత్రం సూత్రమే.