మెర్సీ షిప్స్ ఆసుపత్రి ఓడల్లో స్వచ్ఛంద పరిచర్య: ఎవరికి సరిపోతుంది?

ఆఫ్రికా రేవుల్లో నెలల తరబడి నిలిచి, పేదలకు ఉచితంగా శస్త్రచికిత్సలు చేసే క్రైస్తవ సంస్థ మెర్సీ షిప్స్. డాన్, డియాన్ స్టీఫెన్స్ దంపతులు 1978లో దీన్ని ప్రారంభించారు. రైళ్లను నీటి మీద దాటించే డెన్మార్క్ ఫెర్రీ ఓడను ఆసుపత్రిగా మార్చిన ఆఫ్రికా మెర్సీ 2007 నుంచి సేవలో ఉంది. అందులో 5 ఆపరేషన్ థియేటర్లు. మరో ఓడ గ్లోబల్ మెర్సీని మాత్రం మొదటినుంచీ ఆసుపత్రిగానే కట్టారు: 174 మీటర్ల పొడవు, 12 అంతస్తులు, 6 థియేటర్లు, సుమారు 200 పడకలు. ముఖం మీద పెరిగిన కణితులు, గ్రహణం మొర్రి, వంకర కాళ్లు, కాలిన చర్మం బిగుసుకుపోయి వంగని చేతులు, ప్రసవంలో ఏర్పడిన ఫిస్టులా (మూత్రం ఆగకుండా కారే రంధ్రం)... ఇవీ అక్కడికి వచ్చే కేసులు. ఇక్కడ చూడబోయేది రోగుల వైపు నుంచి కాదు, సేవకు వెళ్లాలనుకునే విశ్వాసి వైపు నుంచి.

ముందు డబ్బు సంగతి. జీతం లేదు. ప్రయాణం, టీకాలు, వీసా, బీమా ఖర్చులు ఎవరివి వారే చూసుకోవాలి. బస, భోజనాలకు కూడా సేవకులే చెల్లించే పద్ధతి చాలాకాలం నడిచింది. ఇప్పటి నిబంధనేమిటో దరఖాస్తు పెట్టే రోజునే అడిగి తెలుసుకోండి. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడన్న ప్రభువు మాట (లూకా 14:28) ఇక్కడ అక్షరాలా పాటించాలి. లెక్క చూసుకోకుండా బయలుదేరితే, మధ్యలో డబ్బు చాలక తిరుగుముఖం పట్టాల్సి వస్తుంది. ఆ ఖాళీ తోటివారి భుజాల మీద పడుతుంది.

నిజమైన పరీక్ష గదిలో మొదలవుతుంది. ఒంటరిగా వచ్చేవారికి ఎక్కువగా దొరికేది పంచుకునే గదే: బంకు పడక, ఒక తెర, చిన్న బీరువా. రాత్రి డ్యూటీ చేసినవారు పగలు నిద్రపోతారు కాబట్టి చప్పుడు చేయకూడదు. నీళ్లు పొదుపుగా వాడాలి. ఓడమీద మద్యం నిషేధం. ఏకాంత ప్రార్థనకు చోటు కూడా వెతుక్కోవాలి. డెక్ మీద ఒక మూల, ఒక సమయం మొదటి వారంలోనే ఖాయం చేసుకోవడం మంచిది. రక్తనిధి కూడా సిబ్బందే. రోగికి అవసరమైతే రక్తం గ్రూపు కలిసినవారిని పిలిచి అప్పటికప్పుడు రక్తం తీసుకుంటారు. ఈ ఏర్పాటు మాకు ఎంతో నచ్చింది.

డాక్టర్లు, నర్సులే కావాలనుకోవడం పొరపాటు. వంటవాళ్లు, ఎలక్ట్రీషియన్లు, ఇంజిన్ గది పనివాళ్లు, బట్టలుతికేవారు, సిబ్బంది పిల్లలకు టీచర్లు లేకపోతే ఒక్క ఆపరేషనూ జరగదు. రోగి ముఖం చూసే అవకాశం ఈ పనుల్లో తక్కువ. సాక్ష్యంగా చెప్పుకోవడానికి ఫొటో కూడా ఉండదు. పాదాలు కడిగే పరిచర్యకు సిద్ధమని పాడినవాళ్లు ఇక్కడే నీరసపడతారు. అందుకే పిలుపు ఉందో లేదో తేల్చుకోవడానికి ఈ విభాగాలే సరైన చోటు అంటాం.

వైద్య సిబ్బందికి ఇంకో బరువుంది: కాదని చెప్పడం. రోగులను ఎంపిక చేసే రోజున వచ్చిన అందరికీ శస్త్రచికిత్స సాధ్యపడదు; ముదిరిన క్యాన్సర్‌కు ఓడమీద మార్గం లేదు. ఆ మాట చెప్పి, రోగి పక్కనే కూర్చుని, తర్వాతి మనిషిని పిలవాలి. ఇందుకు మనసు సిద్ధం చేసుకోకుండా వచ్చినవారు త్వరగా అలిసిపోతారు.

లోపం లేదనలేం. పని ముగిశాక ఓడ రేవు వదిలి వెళ్తుంది, మిగిలిన రోగులు స్థానిక ఆసుపత్రులకే చేరాలి. స్థానిక సర్జన్లకు, నర్సులకు శిక్షణ ఇవ్వడం ఈ లోటును కొంత తీరుస్తుంది, పూర్తిగా కాదు. రెండు మూడు వారాలకు వచ్చేవారు పని అలవాటయ్యే సరికే తిరుగు ప్రయాణం కడతారు. సర్జన్‌కు ఆ గడువు చాలవచ్చు, వార్డు నర్సుకు చాలదు. 1980ల్లో కొద్దికాలానికని వచ్చిన సర్జన్ గ్యారీ పార్కర్ దశాబ్దాలపాటు అక్కడే ఉండిపోయారు. అంత సమర్పణ అందరినీ అడగలేం గానీ, వీలుంటే కొన్ని నెలలైనా కేటాయించండి. అంత సెలవు దొరకనివారు ఇప్పుడే వెళ్లకుండా, ఆ టికెట్ డబ్బును విరాళంగా పంపితే రోగికి ఎక్కువ మేలు.