ట్యాగ్ స్ట్రిప్పా, వెరో బోర్డా: తొలి గిటార్ పెడల్‌కి ఏది మేలు?

గిటార్‌కీ ఆంప్‌కీ నడుమ పెట్టి సౌండ్‌ని మార్చే డబ్బానే పెడల్ అంటారు. 1960ల నడుమ లండన్‌లో డల్లాస్ రేంజ్‌మాస్టర్ అనే ట్రెబుల్ బూస్టర్, అంటే గిటార్ పై స్వరాల్ని పెంచే పెట్టె, వచ్చింది. మూత తీస్తే లోపల ఒకే ఒక్క జెర్మేనియం ట్రాన్సిస్టర్, ఓసీ44. దాని చుట్టూ మూడు రెసిస్టర్లు, నాలుగు కెపాసిటర్లు, ఒక 10కే పాట్ (తిప్పే మీట), 9 వోల్టుల బ్యాటరీ. అంతే. సొంతంగా పెడల్ కట్టాలనుకునేవాళ్లు దీంతో మొదలుపెడితే మంచిది. మరి దేనిమీద కట్టాలి?

పాత వాల్వ్ రేడియో వెనక అట్ట విప్పినవాళ్లకి ట్యాగ్ స్ట్రిప్ తెలిసే ఉంటుంది. గోధుమరంగు పట్టీ, దానిమీద వరసగా నిలబడ్డ లోహపు చెవులు. రెసిస్టర్ కాలిని చెవి రంధ్రంలో దూర్చి, నోస్ ప్లయర్‌తో ఒక చుట్టు చుట్టి, ఆ తర్వాతే సీసం పెట్టాలి. చుట్టకుండా సీసం మీదే భారం వేస్తే కొన్నాళ్లకి కరకర మొదలవుతుంది. దీంట్లో నాకు నచ్చేదేంటంటే సర్క్యూట్ కాగితం మీద ఎలా ఉందో పెట్టెలోనూ అలాగే కనిపిస్తుంది. తప్పు జరిగితే కంటికే దొరుకుతుంది. చిక్కల్లా చోటుతోనే. రేంజ్‌మాస్టర్ ఆంప్ నెత్తిన కూర్చునే పెట్టె కాబట్టి సరిపోయింది. కాలితో తొక్కే చిన్న అల్యూమినియం డబ్బాలో స్విచ్, జాకులు, బ్యాటరీ పోగా స్ట్రిప్‌కి మిగిలేది తక్కువ.

వెరో బోర్డు మీద రాగి చారలు, 2.54 మిల్లీమీటర్లకో రంధ్రం. రెండు మూడు ట్రాన్సిస్టర్ల ఫజ్ (సౌండ్‌ని గరగరలాడించే పెడల్) అయితే నేను కళ్లు మూసుకుని దీన్నే తీసుకుంటాను. కానీ చార తెంపాల్సిన చోట 4 ఎంఎం డ్రిల్ బిట్‌ని చేత్తో తిప్పి తెంపుతాం చూడండి, అక్కడే మోసం. నా మొదటి ఫజ్ మూడు రాత్రులు మూగనోము పట్టింది. చివరికి భూతద్దం పెట్టి చూస్తే, తెంపాననుకున్న చోట వెంట్రుకంత రాగి మిగిలి ఉంది! అప్పట్నుంచి చారల మధ్య బ్లేడు గీసి, మల్టీమీటర్ బజర్‌తో చూశాకే బ్యాటరీ పెడుతున్నాను. ఇంకొకటి, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో వెరో అని అడిగితే ఒక్కోసారి విడివిడి చుక్కల బోర్డు చేతిలో పెడతారు. తిప్పి చూసి కొనండి.

రాగి రేకు బోర్డుని ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచి అక్కర్లేని రాగిని కరిగించి, పీసీబీ (సర్క్యూట్ బోర్డు) చేసుకోవడం ఒక్క పెడల్‌కి దండగ. పైగా చొక్కా మీద ఆ మరక పోదు.

‘ట్యాగ్ స్ట్రిప్ మీద కడితేనే పాతకాలం సౌండ్’ అనేవాళ్ల మాట నేను నమ్మను. ఆ రోజుల్లో టోన్ బెండర్ మార్క్ టూ ఫజ్‌ని కట్టింది వెరో లాంటి చారల బోర్డు మీదే. సౌండ్ ఉండేది ట్రాన్సిస్టర్ గెయిన్‌లో (సిగ్నల్‌ని ఎంత పెంచుతుందో), లీకేజీలో (ఊరకే కారే కరెంటు), బయాస్‌లో (దానికి నిలకడగా అందే వోల్టేజీ). మన పాత ట్రాన్సిస్టర్ రేడియోల్లోంచి పీకిన బీఈఎల్ ఏసీ128 అయినా సరే, కలెక్టర్ దగ్గర 7 వోల్టులకి అటూఇటూ వస్తే రేంజ్‌మాస్టర్ పలుకుతుంది. వేడికి జెర్మేనియం చెడుతుంది, కాబట్టి సోల్డర్ చేసేటప్పుడు కాలికి క్రొకడైల్ క్లిప్ తగిలించండి.

కాబట్టి ఒక ట్రాన్సిస్టరైతే ట్యాగ్ స్ట్రిప్, అంతకు మించితే వెరో. దేనిమీద కట్టినా రేంజ్‌మాస్టర్‌ది పీఎన్‌పీ రకం ట్రాన్సిస్టర్ సర్క్యూట్. బ్యాటరీ ప్లస్సే డబ్బాకి, అంటే గ్రౌండ్‌కి తగులుతుంది. మిగతా పెడళ్లు నడిచే అడాప్టర్‌కే దీన్నీ కలిపారా, షార్టే. దీనికి విడిగా బ్యాటరీ పెట్టండి.