గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చు మీద టేపు: డీఐ బాక్స్‌తో ఆరేళ్లు

గిటారు లేదా యాంపు సిగ్నల్‌ను మిక్సరుకు సరిపడేలా మార్చి పంపే చిన్న పెట్టె డీఐ బాక్స్. బేస్ గిటార్ వాయించేవారికి దాని గురించి చెప్పనక్కర్లేదు. నేను దీన్ని కొన్నది ఒకే ఒక్క స్విచ్చు కోసం: గ్రౌండ్ లిఫ్ట్. మిక్సరు ఎర్త్‌తో కేబులు కలిపే లంకెను తెంచే స్విచ్చు అది.

పెళ్లి పందిళ్లలో వాయించేవారికే దాని విలువ తెలుస్తుంది. యాంపుకు కరెంటు ఒక బోర్డు నుంచి, మిక్సరుకు ఎక్కడో మూలనున్న జనరేటరు నుంచి వస్తుంది. రెండింటి ఎర్త్‌లూ ఆడియో కేబులు ద్వారా కలిశాయంటే గుయ్‌మని హమ్ మొదలవుతుంది. మా ఆర్కెస్ట్రాలో దానికి ఒకటే మందు ఉండేది: యాంపు ప్లగ్గులోని లావు ఎర్త్ పిన్ను పీకేయడం! లోపల ఏ తీగ అయినా తెగి బాడీకి తగిలితే షాకు కొట్టేది గిటారు పట్టుకున్న నాకే. ఈ పెట్టె వచ్చాక స్విచ్చు నొక్కితే హమ్ పోయింది, పిన్ను ప్లగ్గులోనే ఉంది. ఆ సంబరంలో కనబడిన ప్రతివారికీ కొనుక్కోమని చెప్పాను.

నాది ట్యూబ్ యాంపు, వాక్యూమ్ ట్యూబులతో పనిచేసేది. దాని గరుకుదనం మిక్సరుకూ చేరాలని స్పీకర్ అవుట్‌పుట్ నుంచే సిగ్నల్ తీసేవాణ్ణి. యాంపు నుంచి బాక్సులోకి, బాక్సు లింక్ (వచ్చిన సిగ్నల్‌ను అలాగే బయటికి పంపే సాకెట్టు) నుంచి క్యాబినెట్‌కు, అంటే స్పీకర్ పెట్టెకు. నా డీఐ పెట్టెకు స్పీకర్ స్థాయిని తట్టుకునే ప్యాడ్, అంటే సిగ్నల్‌ను తగ్గించే ఏర్పాటు, ఉంది. అది లేని పెట్టెతో ఈ పని చేయకూడదు. 8 ఓమ్‌ల క్యాబినెట్‌కు 300 వాట్లు వెళ్తున్నాయంటే అక్కడ దాదాపు 49 వోల్టులు ఉన్నట్టు. గిటారు ఇచ్చేది ఒక వోల్టుకు అటూ ఇటూ. ఆ దారిలో గిటారు కేబులు కాదు, స్పీకర్ కేబులే వాడాలి. డీఐ ఉంది కదా అని క్యాబినెట్ తీసేస్తే ట్యూబ్ యాంపులో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

నిరుటి క్రిస్మస్‌కు ఆ యాంపు బరువు మోయలేక తెలిసిన పెద్దాయన దగ్గర చిన్న క్లాస్-డి యాంపు (ట్యూబులు లేని తేలిక రకం) అడిగి తెచ్చుకున్నాను. కనెక్షన్లు ఎప్పటిలాగే. మొదటి స్వరానికే ఎర్రదీపం వెలిగింది, యాంపు మూగబోయింది. పాట ఆగలేదు, నేనే ఆగాను. ఫోను చేస్తే ఆయన తిట్టలేదు. "బాబూ, అందులో స్పీకర్ నెగటివ్ అంటే గ్రౌండ్ కాదు. రెండు తీగల్లోనూ సిగ్నలే ఉంటుంది. నీ పెట్టె అందులో ఒకదాన్ని మిక్సరు ఎర్త్‌కు కలిపేసింది" అన్నారు. చూస్తే గ్రౌండ్ లిఫ్ట్ ఆఫ్‌లో ఉంది, అంటే ఎర్త్ లంకె కలిసే ఉంది. నేను మార్చలేదు. స్విచ్చు పెట్టె అంచుకు ఉంది, సంచిలో దేనికో ఒరుసుకుని ఉంటుంది. యాంపులోని రక్షణ సర్క్యూటు పుణ్యాన కాలిపోలేదు గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు గిటారు నుంచి బాక్సుకు, లింక్ నుంచి యాంపుకు. స్పీకర్ వైపు పోవడం లేదు. గరుకుదనం తగ్గింది, హాల్లో గమనించింది నేనొక్కణ్ణే. యాంపులోనే మంచి డీఐ అవుట్ (మిక్సరుకు నేరుగా పంపే సాకెట్టు) ఉన్నవారికి ఈ పెట్టె అవసరం ఉండకపోవచ్చు. నాలా రోజుకో కరెంటు లైనులో, అరువు యాంపులతో వాయించేవారికి పనికొస్తుంది. స్విచ్చును లిఫ్ట్ వైపు ఉంచి నల్ల టేపు వేశాను. ఎండకు జిగురు కారుతుంది, నెలకోసారి మారుస్తున్నాను.