ద్వోర్జాక్ స్లావోనిక్ డాన్సులు, ఓపస్ 46, నాలుగు చేతుల ప్రతి: నా ఇష్టమూ నా గొడవా ఎనిమిదో దానితోనే

1878లో చెక్ స్వరకర్త ద్వోర్జాక్‌తో బెర్లిన్ ప్రచురణకర్త సిమ్రాక్ అడిగి రాయించుకున్న ఈ ఎనిమిది నృత్యాలకు కొత్తగా పరిచయం అక్కర్లేదు. ఒకే పియానో మీద ఇద్దరం చాలాకాలంగా వాయిస్తున్నాం. మిగతా ఏడూ ఒక ఎత్తు, చివరి జి మైనర్ ఫురియంట్ అనే చురుకైన చెక్ నృత్యం ఒక ఎత్తు.

పేజీ మీద 3/4 అని ఉంటుంది, అంటే బారుకు (రెండు నిలువు గీతల మధ్య గడికి) మూడు దెబ్బలు. చెవికి మాత్రం మొదటి రెండు బార్లు మూడు రెళ్లుగా, తర్వాతి రెండూ రెండు మూళ్లుగా వినిపిస్తాయి. 2+2+2+3+3, మొత్తం 12. చెక్ పల్లెల ఫురియంట్ నడకే అది. "వన్ టూ త్రీ" అని లెక్కపెడితే లొంగదు. మృదంగం జతులు చెవినపడ్డ మనవాళ్లకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది: "తక తక తక తకిట తకిట" అనుకోండి, అక్షరానికో క్వార్టర్ నోట్, అంటే ఒక్కో దెబ్బ. మెట్ల మీద వేలు పెట్టకముందే నడక కుదురుతుంది. ఈ ఒక్క సరదాకే ఈ స్వరలిపి పుస్తకం కొనొచ్చు.

చెడేది "తకిట" దగ్గర. "తక"లకు అలవాటుపడ్డ చెయ్యి దాన్నీ అంతే నిడివిలో ఇరికించేస్తుంది. మూడు అక్షరాలూ ట్రిప్లెట్ (రెండు దెబ్బల చోట మూడు) అయిపోతాయి, నాలుగు బార్లు తిరక్కుండానే ఇద్దరూ చెరో దారీ పడతారు. మారాల్సింది గుంపు పొడవు, అక్షరం పొడవు కాదు. మెట్రోనోమ్ (టిక్కుమంటూ లయ చెప్పే యంత్రం) నిమిషానికి 120 మీద పెట్టి, టిక్కుకో అక్షరం చొప్పున ముందు చప్పట్లతోనే చేయండి. కుదిరాక దాన్ని 40కి దించండి, చేతుల వేగం మార్చొద్దు. ఇప్పుడు బారుకొక్క టిక్కే. రెండో టిక్కు నడిమి "తక"లోని "క" మీద పడాలి. "త" మీద పడిందా, ఎవరో ఒకరు జారినట్టే.

స్వరాన్ని సాగదీసే పెడల్ సెకండో (కింది స్థాయి భాగం) వాయించేవారి కాలి కింద ఉంటుంది. బారు గీత చూసి మారిస్తే మూడు రెళ్లూ ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. గుంపు గుంపుకీ మార్చాలి, లేదా ఆ రెండు బార్లూ పెడల్ లేకుండా పొడిగా వదిలేయాలి. ప్రతి గుంపు మొదటి అక్షరానికీ ఊనిక ఉండాల్సిందే గానీ ఇద్దరూ భుజబలం చూపిస్తే పై రాగం మునిగిపోతుంది. సెకండో కాస్త మెత్తగా వాయించడం మంచిది.

జతులు అనుకుంటే కుదురుతుందన్నాను గానీ, అది మొదటి పేజీల వరకే. మధ్యలో జి మేజర్ భాగం మెత్తగా సాగుతుంది, దాని వెనకే మొదటి రాగం తిరిగొస్తుంది. అక్కడ నోట్లో జతి ఉన్నా ఎవరు ముందడుగు వేయాలో తేలదు. ప్రిమో (పై స్థాయి భాగం వాయించేవారు) ఒక బారు ముందే తలూపి సైగ చేయాలి. ప్రిమో ఎడమచెయ్యి, సెకండో కుడిచెయ్యి తగులుకునే చోట్ల ఎవరి మణికట్టు పైన ఉండాలో కూడా ముందే పెన్సిల్‌తో రాసుకోవాలి. నా దగ్గరున్న ముద్రణలో బార్ల నంబర్లు లేవు. సాధనలో "ఎక్కణ్నుంచి?" అనే వాదనకే సగం సాయంత్రం పోతుంది. 61 మెట్ల కీబోర్డు మీద ప్రయత్నించకండి, నాలుగు చేతులకు 88 ఉండాలి.

వారానికి రెండుసార్లయినా కూర్చునే జోడీ ఉంటే నిక్షేపంగా కొనండి. ఒంటరిగా వాయించేవాళ్లకు మరో చెక్ స్వరకర్త స్మెతనా రాసిన చెక్ డాన్సులు ఉన్నాయి, 1879 నాటి రెండో వరస ఫురియంట్‌తోనే మొదలవుతుంది. ద్వోర్జాక్ "స్లావోనిక్" అని గుండుగుత్తగా పిలిచాడని చురక వేసి, తను మాత్రం ప్రతి నృత్యాన్నీ దాని పేరుతోనే అచ్చు వేయించాడు స్మెతనా. కాకపోతే ఇక్కడ ఇద్దరు పంచుకునే బరువంతా అక్కడ ఒక్కరి మీదే పడుతుంది. అంత చెయ్యి ఇంకా రాకపోతే ద్వోర్జాక్ సెకండో ఒక్కటీ నేర్చుకుని జోడీ కోసం చూడటం మేలని నా లెక్క.