మట్టిగోడల మధ్య మూడు బసలు

మట్టి ఇల్లు ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుందని వినీ వినీ, గట్టి చలిలోనే మూడు మట్టి బసలు బుక్ చేశాను. మూడింట్లో ఒక్కదానిలోనే హాయిగా నిద్రపట్టింది.

మొదటిది చూడముచ్చటైన ఇల్లు. దిమ్మిస కొట్టి కట్టిన అడుగున్నర గోడలు, పొర పొరకో రంగు. పగలంతా ఫొటోలు తీసుకున్నాను. రాత్రి మంచం గోడవారన ఉండటంతో వీపు జివ్వుమంది. హీటర్ తెల్లవార్లూ తిరిగినా గోడ మాత్రం వేడెక్కలేదు. మందమే వెచ్చదనం అనుకోవడం నా పొరపాటు. దట్టించిన మట్టి ఉష్ణవాహకత, అంటే వేడిని తనగుండా పోనిచ్చే గుణం, సుమారు 1 వాట్/మీటర్-కెల్విన్, గడ్డి మోపుది 0.06 దరిదాపు. మట్టి వేడిని దాచుకుంటుంది గానీ ఆపదు. పగలు ఎండ, రాత్రి చలి ఉన్నచోట ఆ గుణం వరమే. రోజుల తరబడి చలే ఉంటే దాచుకోవడానికి ఏముంది?

రెండోచోటా అలాంటి గోడే. కాకపోతే బయటివైపు, పల్చటి బంకమట్టి నీళ్లలో ముంచిన గడ్డిని అడుగు మందాన కూరి, పైన సున్నం పూశారు. లోపల మట్టి అలాగే వదిలేశారు. సాయంత్రం రెండు గంటలు పొయ్యి వెలిగిస్తే తెల్లారేదాకా గోడ గోరువెచ్చగానే ఉంది. ఆ గడ్డి పొర లోపలివైపు వేసుంటే మట్టి గదికి దూరమై, దాని వేడి నాకు అందేది కాదు. ఇంగ్లండ్, ఫ్రాన్స్ పరిశోధకులు 'కాబ్‌బాజ్' పేరుతో చేసిందీ దాదాపు ఇదే: బరువు మోసే మట్టి ఒక పొర, వేడిని బయటికి పోనివ్వని, పీచు ఎక్కువగా కలిపిన తేలికమట్టి మరో పొర, రెండూ కలిపి ఒకే గోడ.

మూడోది వెచ్చగానే ఉంది, కానీ లోపలికి అడుగు పెట్టగానే ముక్కిపోయిన వాసన. గోడకు ఫోమ్ షీట్లు అంటించి సిమెంట్ పూశారు. మట్టి చెమ్మ పీల్చి వదిలే రకం. వదిలే దారి మూసేస్తే తడి లోపలే ఉండిపోతుంది. తడిసిన మట్టి బలమూ తగ్గుతుంది, చలినీ ఇంకా తేలిగ్గా లోపలికి పంపుతుంది. నేల దగ్గర గిలాబు ఉబ్బింది, తడితే డొల్ల చప్పుడు. పాపం, చెప్పగానే గది మార్చారు. అక్కడా అదే వాసన.

మళ్లీ వెళ్తే రెండోదానికే. అక్కడా తలుపు కింద వేలెడు సందు ఉంది, ఈసారి ఒక పాత తువ్వాలు పట్టుకెళ్తాను.